ఐక్యూ 71: రెండు భాషల పిల్లవాడి విషయంలో ఆ అంకె ఏం కొలిచినట్టు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఒక తల్లి ఆ మధ్య ఒక కాగితం పట్టుకొని వచ్చింది. కొడుక్కి తొమ్మిదేళ్ళు, ఒడియా మాధ్యమంలో నాలుగో తరగతి. చదువులో వెనకబడుతున్నాడని బడివారు చెప్పడంతో ఒక పట్టణానికి తీసుకువెళ్ళి మానసిక పరీక్ష చేయించారు. కాగితం చివర లావు అక్షరాలతో "ఐక్యూ 71" అని, దాని పక్కన "సరిహద్దు స్థాయి", అంటే మామూలుకూ బౌద్ధిక వైకల్యానికీ నడుమ, అని రాసి ఉంది. "నూటికి డెబ్బై ఒకటి వచ్చాయి గదా బాబూ, మరి తక్కువంటారేటి?" అని ఆమె అడిగింది.

ఆమె అడిగిన దానిలో తప్పేమీ లేదు. బడిలో 71 అంటే మంచి మార్కే. ఈ అంకె మార్కు కాదని, పిల్లవాడికి తెలిసినదెంతో చెప్పే కొలత కూడా కాదని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, అటు మహారాష్ట్ర వైపు సిరొంచలోనూ, ధర్మాబాదులోనూ తెలుగు ఇళ్ళ పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడుతూ పెరుగుతారు. అటువంటి పిల్లల చేతికి ఇలాంటి అంకె వచ్చినప్పుడు అది ఎలా పుట్టింది, దేన్ని కొలిచింది, ఎంతవరకు నమ్మదగినది అన్న మూడు ప్రశ్నలూ చిక్కుపడిపోతాయి. విద్యా మనోవిజ్ఞానం చాలా ఏళ్ళు బోధించినవాడిగా ఆ చిక్కును ఒక్కొక్క పోగుగా విడదీయడానికి ఇక్కడ ప్రయత్నిస్తాను.

పారిస్ బడులనుంచి వచ్చిన అంకె

1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి ఒక పరీక్ష తయారు చేశారు. మామూలు తరగతిలో నెగ్గుకురాలేకపోతున్న పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేక బోధన ఏర్పాటు చేయడమే దాని ఉద్దేశం. 1908 నాటి సవరణలో బినే "మానసిక వయస్సు" అన్న భావనను తెచ్చాడు. ఒక పిల్లవాడు ఏ వయసు పిల్లలు సాధారణంగా చేయగలిగిన పనులు చేయగలిగితే అదే అతని మానసిక వయస్సు. 1912లో జర్మన్ మనోవిజ్ఞాని విలియం స్టెర్న్ ఆ వయస్సును అసలు వయస్సుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ ఆ భాగఫలాన్ని 100తో గుణించి వాడుకలోకి తెచ్చాడు. ఐక్యూకు మన పాఠ్యపుస్తకాల్లో వాడే "ప్రజ్ఞాలబ్ధి" అన్న మాటలోని "లబ్ధి" ఈ భాగహారంనుంచి వచ్చినదే. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఏడేళ్ళ పిల్లల స్థాయిలో జవాబులు ఇస్తే 7ను 9తో భాగించి 100తో గుణించాలి, అంటే 78.

ఉపాధ్యాయ శిక్షణలో ఇప్పటికీ ఈ సూత్రాన్నే కంఠస్థం చేయిస్తారు గాని, నేటి పరీక్షల్లో చాలామటుకు ఈ భాగహారం లేదు. నలభై ఏళ్ళ మనిషికి ముప్పై ఏళ్ళ మానసిక వయస్సు అంటే అర్థం ఏమీ ఉండదు గనక ఆ పద్ధతి పెద్దల విషయంలో చెల్లలేదు. 1939లో డేవిడ్ వెక్స్‌లర్ తన పరీక్షలో భాగహారాన్ని వదిలేసి పోలికను పట్టుకున్నాడు. ఒక వయసువారందరి సగటును 100గా తీసుకొని, వారి మధ్య ఉండే వ్యత్యాసాల సాధారణ పరిమాణాన్ని, అంటే ప్రామాణిక విచలనాన్ని, 15గా స్థిరపరచి, ఒక వ్యక్తి సగటుకు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే అంకె ఇది. ఈ కొలతలో నూటికి దాదాపు 68 మంది 85కూ 115కూ మధ్య ఉంటారు. 70కి దిగువన ఉండేవారు నూటికి ఇద్దరు, కొంచెం ఎక్కువ.

అందువల్ల 71 అన్నది వరుసలో ఒక చోటును చూపే అంకె. వరుస అనగానే అందులో నిలబడిన మిగతావాళ్ళు ఎవరన్న ప్రశ్న వస్తుంది.

వరుసలో పక్కన ఎవరు నిలబడ్డారు?

పరీక్ష తయారు చేసేవారు దాన్ని ముందుగా కొన్ని వందల మంది, ఒక్కోసారి వేల మంది పిల్లలకు ఇచ్చి, వయసులవారీగా సగటులు లెక్కగట్టి పట్టికలు తయారు చేస్తారు. వీటినే పరీక్ష ప్రమాణాలు అంటారు. కొత్తగా వచ్చిన పిల్లవాడి ఫలితాన్ని ఆ పట్టికతో పోల్చి అంకె ఇస్తారు. మన దేశంలో వి. వి. కామత్ 1930లలో బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్టు మార్చాడు. నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ 1969లో వెక్స్‌లర్ పిల్లల పరీక్షను భారతీయ పిల్లలకు అనుగుణంగా సవరించాడు. ఈ రెండూ నేటికీ మన ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో వాడుకలో ఉన్నవే.

ఒక కల్పిత లెక్క చూద్దాం. ఒక పిల్లవాడికి పరీక్షలో మొత్తం 40 జవాబులు సరిగ్గా వచ్చాయనుకోండి. ఇంటా బడిలో ఒడియా మాత్రమే మాట్లాడే అదే వయసు పిల్లల సగటు 58, ప్రామాణిక విచలనం 10 అయితే ఈ పిల్లవాడు సగటుకు 18 దిగువన, అంటే 1.8 విచలనాల కింద ఉన్నాడు. 1.8ని 15తో గుణిస్తే 27. నూటిలోంచి తీసివేస్తే 73. ఇప్పుడు అవే 40 జవాబులను, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న పిల్లల పట్టికతో పోల్చామనుకోండి. వారి సగటు 49, విచలనం 9 అయితే పిల్లవాడు ఒక విచలనం మాత్రమే దిగువన ఉన్నాడు, అంటే 85. పిల్లవాడు మారలేదు, జవాబులు మారలేదు, పక్కన నిలబడినవారు మారారు.

అలాగని రెండో పట్టికే న్యాయమైనదని వెంటనే తేల్చేయలేం. ఒక ప్రాంతపు పిల్లలందరూ బడిభాష రాక ఇబ్బంది పడుతుంటే, వారితోనే పోల్చినప్పుడు ప్రతివాడూ "సగటు" అనిపించుకుంటాడు. ఆ సగటు మాటున వారందరికీ అందవలసిన సాయం మరుగున పడుతుంది. పోలిక దేనికోసమన్నది ముందు తేలితేగాని ఎవరితో పోల్చాలన్నది తేలదు.

తక్కెడ పళ్ళెం కింద చింతపండు

సంతలో తక్కెడ పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించి తూకంలో మోసం చేసేవారి సంగతి మన పెద్దలు చెప్పేవారు. అటువంటి తక్కెడలో ఒకే సంచిని పదిసార్లు తూచినా పదిసార్లూ ఒకే బరువు వస్తుంది. కొలత నిలకడగా ఉంది, సత్యంగా లేదు. మనోవిజ్ఞానంలో మొదటి గుణాన్ని విశ్వసనీయత అని, రెండోదాన్ని సప్రమాణత అని అంటారు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల కలిగే గందరగోళమే ఇలాంటి నివేదికల చుట్టూ ఎక్కువగా ఉంది.

విశ్వసనీయతను 0 నుంచి 1 వరకు ఉండే గుణకంతో చెబుతారు. ఏ మంచి పరీక్షకైనా అది సరిగ్గా 1 కాదు గనక ప్రతి అంకె చుట్టూ కొంత మసక ఉంటుంది. ఆ మసక వెడల్పును లెక్కగట్టవచ్చు. గుణకం 0.90 అనుకుంటే 1లోంచి 0.90 తీసివేయగా మిగిలిన 0.10కి వర్గమూలం 0.316. దాన్ని 15తో గుణిస్తే 4.7. దీన్ని కొలత ప్రామాణిక దోషం అంటారు. దానికి సుమారు రెండింతలు, అంటే 9 పాయింట్లు, అటూ ఇటూ తీసుకుంటే ఆ 71ని "62కూ 80కీ మధ్య ఎక్కడో" అని చదవవలసి వస్తుంది. గుణకం 0.95 ఉంటే ఆ పరిధి దాదాపు 64 నుంచి 78 వరకు తగ్గుతుంది. ఆ తల్లి తెచ్చిన కాగితంలో ఈ పరిధి ప్రస్తావనే లేదు.

ఇది కేవలం లెక్కల చాదస్తమని అనుకోకూడదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఐక్యూ 70 దాటితే బౌద్ధిక వైకల్యం లేనట్టే భావించి మరణశిక్ష అమలు చేయవచ్చన్న నియమం ఉండేది. ఫ్రెడీ లీ హాల్ అనే ఖైదీ కోర్టు ముందుంచిన ఒక ఫలితం 71. 2014లో అమెరికా సుప్రీంకోర్టు, కొలతలోని దోషాన్ని పట్టించుకోకుండా ఒక్క అంకె దగ్గర గీత గీయడం రాజ్యాంగ విరుద్ధమని 5–4 తేడాతో తీర్పు ఇచ్చింది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన అయిదో రోగనిర్ధారణ సంపుటి కూడా 70ని గీతగా చూడకుండా 65 నుంచి 75 వరకు ఒక పట్టీగా చూడమంటుంది.

ఇంతవరకు చెప్పిన మసక ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయే యాదృచ్ఛిక దోషానికి సంబంధించినది. పళ్ళెం కింది చింతపండు ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది. ఎంత వెడల్పు పరిధి రాసినా ఆ లాగుడు అందులో కనిపించదు. మన పిల్లల విషయంలో అలా ఒకవైపు లాగగలిగినవాటిలో ముఖ్యమైనది భాష.

ఒకటి, రెండు, మూడు

అనేక ప్రజ్ఞా పరీక్షల్లో అంకెల జ్ఞాపకం అనే భాగం ఉంటుంది. పరీక్షకుడు సెకనుకు ఒకటి చొప్పున కొన్ని అంకెలు చెబుతాడు, పిల్లవాడు అదే వరుసలో తిరిగి చెప్పాలి. ఎన్ని అంకెల వరకు తప్పు లేకుండా చెప్పగలిగితే అంత జ్ఞాపకం. ఇందులో భాష ఎక్కడుంది, అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా అనిపిస్తుంది.

1975లో బ్రిటన్‌లో అలన్ బ్యాడ్‌లీ, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో పొట్టి మాటల కంటే పొడుగు మాటలు తక్కువగా గుర్తుంటాయని తేలింది. మనిషి సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే మనసులో తిప్పుకుంటూ నిలుపుకోగలడని వారు వివరించారు. 1980లో వేల్స్‌లో ఎలిస్, హెనెలీ అనే పరిశోధకులు వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారిని పరీక్షించారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది. తమకు వెల్షే బాగా వచ్చునని చెప్పినవారు కూడా వెల్ష్‌లో తక్కువ అంకెలు గుర్తుంచుకున్నారు. మనసులో అంకెలను వల్లించుకోకుండా అడ్డుపడితే ఆ తేడా పోయింది. వెల్ష్ భాషలోకి మార్చిన వెక్స్‌లర్ పరీక్షలో పిల్లలకు అంకెల జ్ఞాపకం తక్కువగా రావడానికి ఇదే కారణమని వారు వాదించారు. పొడుగు మాటల ప్రభావం ఎందుకు కలుగుతుందన్నదానిపై తర్వాతి పరిశోధకులు వేరే వివరణలు ఇచ్చారు, ఆ వాదం ముగియలేదు.

ఇప్పుడు మన అంకెలను నోటితో పలికి చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. అక్షరాలు లెక్కపెడితే 23. ఒడియాలో ఏక, దుఇ, తిని, చారి, పాంచ, ఛఅ, సాత, ఆఠ, నఅ. మొత్తం 18, ఏ అంకెకూ రెండక్షరాలు దాటలేదు. మరాఠీలో ఏక్, దోన్, తీన్, చార్, పాచ్, సహా, సాత్, ఆఠ్, నఊ. పలికే తీరులో 11 మాత్రమే. "ఎనిమిది, ఒకటి, తొమ్మిది, నాలుగు" అన్న నాలుగంకెల వరుసకు తెలుగులో 13 అక్షరాలు కాగా, ఒడియాలో 8, మరాఠీలో 5. అక్షరాల సంఖ్య ఒక్కటే పలికే కాలాన్ని నిర్ణయించదన్నది నిజమే, కొందరు పొడుగు మాటలను కూడా గబగబా పలుకుతారు. అయినా అంకె ఒకటే, దాన్ని మోసే మాట బరువు ఒకటి కాదన్నది ఈ లెక్కలో కళ్ళకు కడుతుంది.

దీనివల్ల ఒక విచిత్రమైన చిక్కు వస్తుంది. పిల్లవాడికి ఒడియా సరిగా రాదని జాలిపడి పరీక్షకుడు అంకెలను తెలుగులో చెప్పాడనుకోండి. మంచి ఉద్దేశమే. కాని పోలిక పట్టిక ఒడియా పిల్లలదో, మరాఠీ పిల్లలదో అయితే, పిల్లవాడు బరువైన మాటలు మోస్తూ తేలిక మాటలు మోసినవారితో పోటీపడినట్టవుతుంది. మాతృభాషలో అడిగితే అన్ని భాగాల్లోనూ పిల్లవాడికి మేలే జరుగుతుందన్న నమ్మకం ఇక్కడ నిలవదు. పదాల అర్థాలు చెప్పే భాగంలో మాతృభాష నిచ్చెన అయితే, అంకెల జ్ఞాపకంలో అదే మూట కావచ్చు. ఒకే పరీక్షలో భాష రెండు భాగాలను రెండు వైపులకు లాగగలదు. ఆ లాగుళ్ళన్నిటినీ కలిపి కూడి ఒక్క అంకెగా చేసినప్పుడు లోపల ఏం జరిగిందో బయటికి తెలియదు.

ఇరవై తొమ్మిది ఎలా వినిపిస్తుంది

నోటిలెక్క సంగతి మరొకటి. పరీక్షల్లోని అసలు ప్రశ్నలను అచ్చువేయడం తగదు, ముందే తెలిసిపోతే పరీక్ష పనికిరాకుండా పోతుంది గనక నేను స్వయంగా అల్లిన ప్రశ్న ఇది: 29 రూపాయల సబ్బు కొని 50 ఇస్తే చిల్లర ఎంత? తెలుగులో "ఇరవై తొమ్మిది" అంటే ఇరవై, దాని మీద తొమ్మిది. ఒడియాలో 29ని "అణతిరిశ" అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని అర్థం. మరాఠీలో "ఏకోణతీస్" కూడా సరిగ్గా అలాంటిదే. ఆ మాటలో "తిరిశ" చెవిన పడిన తెలుగు పిల్లవాడు ముప్పై అనుకొని "ఇరవై" అని జవాబిస్తే పరీక్షకుడు సున్నా వేస్తాడు. పిల్లవాడి తీసివేతలో తప్పులేదు. విన్న సంఖ్యలో ఉంది. నాన్న దుకాణంలో కూర్చొని అదే చిల్లరను తడుముకోకుండా ఇచ్చే పిల్లవాడు ఆ కుర్చీలో తప్పు చెబుతాడు.

పరీక్షను మరో భాషలోకి మార్చేవారు ఇటువంటివి పట్టుకోవడానికి కొన్ని పద్ధతులు పాటిస్తారు. ఒకరు అనువదించిన దాన్ని మూలం చూడని మరొకరు తిరిగి మూలభాషలోకి మార్చి, రెండు పాఠాలను పోల్చడం అందులో ఒకటి. దీనికి ఒక పరిమితి ఉంది. అర్థం సరిపోయినంత మాత్రాన కష్టం సరిపోదు. ఒక భాషలో అయిదేళ్ళ పిల్లలకు తెలిసిన మాటకు మరో భాషలో సమానమైన మాట పుస్తకాల్లో తప్ప వినిపించనిది కావచ్చు. అనువాదం నిర్దోషంగానే ఉంటుంది, ప్రశ్న మాత్రం పది రెట్లు కఠినమవుతుంది. పుస్తకాల తెలుగులో అడిగితే ఉత్తరాంధ్ర యాసలో పెరిగిన పిల్లవాడికి అదీ సగం పరాయి భాషే. మా ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేసి, సవరల మధ్యకు వెళ్ళి వారి భాష నేర్చుకొని, పిల్లలకు వారు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపుస్తకాల గురించి అన్నది పరీక్షల ప్రశ్నలకూ అక్షరాలా వర్తిస్తుందని నా అభిప్రాయం.

గణాంకశాస్త్రం అందించే మరొక పద్ధతి ఇంకా లోతైనది. మొత్తం ఫలితం సమానంగా ఉన్న పిల్లలను రెండు వర్గాలనుంచి జతచేసి, ఒక్కొక్క ప్రశ్ననూ విడిగా చూస్తారు. ఉదాహరణకు, మొత్తం మీద 40 జవాబులే సరిగా ఇచ్చిన ఒడియా ఇళ్ళ పిల్లల్లో నూటికి 60 మంది పన్నెండో ప్రశ్నకు సరైన జవాబు ఇస్తే, అదే 40 వచ్చిన తెలుగు ఇళ్ళ పిల్లల్లో నూటికి 30 మందే ఇచ్చారనుకోండి. మొత్తం సామర్థ్యంలో ఇద్దరూ సమానులైనప్పుడు ఆ ఒక్క ప్రశ్నలో ఇంత తేడా ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్న సామర్థ్యంతో పాటు మరి దేన్నో కొలుస్తోందన్నమాట. అయితే పరీక్షలోని ప్రశ్నలన్నీ ఒకే వైపు కొద్దికొద్దిగా ఒరిగి ఉంటే ఈ పద్ధతికి దొరకదు, ఎందుకంటే జతచేయడానికి వాడిన మొత్తం ఫలితమే ఒరిగి ఉంటుంది.

మాటలు లేని పరీక్షలు

భాషే అడ్డయితే భాష లేని పరీక్ష ఇవ్వవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. 1938లో జాన్ రేవెన్ ప్రచురించిన ఆకృతుల పరీక్ష అటువంటిది. ఒక బొమ్మల వరుసలో ఒక ఖాళీ ఉంటుంది, కింద ఇచ్చిన ముక్కల్లో ఏది సరిపోతుందో చూపిస్తే చాలు. రెండు భాషల పిల్లలకు ఇది ఎంతో ఊరట, దీన్ని వాడాలని చెప్పే నిపుణులు చాలామంది ఉన్నారు.

కాని ఇది సంస్కృతికి అతీతమైనదన్న ఆశను జేమ్స్ ఫ్లిన్ సేకరించిన గణాంకాలు దెబ్బతీశాయి. అనేక దేశాల్లో తరం మారేకొద్దీ ఐక్యూ ఫలితాలు పెరుగుతూ వచ్చాయని 1980లలో ఆయన చూపించాడు. అమెరికా లెక్కల్లో ఆ పెరుగుదల దశాబ్దానికి సుమారు 3 పాయింట్లు. ఆశ్చర్యమేమంటే పదజ్ఞానంలో కంటే రేవెన్ తరహా బొమ్మల పరీక్షల్లోనే ఆ పెరుగుదల ఎక్కువ. ఒక తరంలో మెదడు అంతగా మారదు గనక బడి, బొమ్మలు, గళ్ళూ గీతలతో పరిచయం వంటివి ఈ పరీక్షలను కూడా ప్రభావితం చేస్తున్నాయని ఒప్పుకోవలసి వస్తుంది.

దీని వెనకే పాత పట్టికల సమస్య వస్తుంది. యాభై ఏళ్ళ కిందటి పిల్లల సగటుతో నేటి పిల్లవాణ్ణి పోలిస్తే అతని అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. అంటే పాత పట్టిక పైకి లాగుతుంటే పరాయి భాష కిందికి లాగుతుంటుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయిలే అనుకోవడానికి వీల్లేదు. రెండింటి పరిమాణం వేరు, అవి పరీక్షలో తగిలే భాగాలూ వేరు. ఇతర దేశాల్లో తేలిన పెరుగుదల రేటును తెచ్చి మన పట్టికల మీద నేరుగా తీసివేయడమూ సరికాదు.

ఏ భాషలో అడగాలన్న వాదం

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిది మంది పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధులుగా ముద్రవేసి వేరే తరగతుల్లో పెట్టారు. స్పానిష్‌లో మళ్ళీ పరీక్షిస్తే వారిలో దాదాపు అందరూ మందబుద్ధులని తేల్చే గీతకు పైనే తేలారు. డయానా కేసుగా పేరుపడిన ఆ వివాదం 1970లో రాజీతో ముగిసి, పిల్లలను ఇంటిభాషలో కూడా పరీక్షించాలన్న ఏర్పాటుకు దారితీసింది. మాతృభాషలో అడగాలన్న పక్షానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

ఎదుటి పక్షం వాదనలో కూడా పస ఉంది. పిల్లవాడు చదవవలసింది ఒడియా మాధ్యమంలోనే అయినప్పుడు, వచ్చే ఏడాది తరగతిలో అతను ఎలా నెగ్గుకొస్తాడో ఊహించడానికి ఒడియాలో వచ్చిన ఫలితమే ఎక్కువ ఉపయోగపడవచ్చు. సప్రమాణత అన్నది పరీక్షలో దాగి ఉండే గుణం కాదని, ఆ ఫలితాన్ని ఏ పనికి వాడుతున్నామో దాన్నిబట్టి ఉంటుందని మనోమాపన నిపుణులు అంటారు. ఒకే 71 "ఈ బడిలో ఈ పిల్లవాడు ఇబ్బంది పడతాడా?" అన్న ప్రశ్నకు సరైన జవాబు కావచ్చు, "ఈ పిల్లవాడి బుద్ధి ఎదుగుదలలో లోపం ఉందా?" అన్న ప్రశ్నకు తప్పు జవాబు కావచ్చు. నా దృష్టిలో ఈ వివాదమంతటికీ ఇరుసు ఇదే. మొదటి ప్రశ్నకు వచ్చిన అంకెను రెండో ప్రశ్నకు జవాబుగా రాసినప్పుడే నష్టం జరుగుతుంది.

న్యాయస్థానాలు కూడా ఒక్కమాట మీద లేవు. నల్లజాతి పిల్లలను ప్రత్యేక తరగతుల్లో వేయడానికి ఐక్యూ పరీక్షలు వాడడాన్ని 1979లో కాలిఫోర్నియా న్యాయమూర్తి ఒకరు నిషేధించారు. మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లో అదే తరహా వ్యాజ్యంలో మరో న్యాయమూర్తి ప్రశ్నలన్నిటినీ స్వయంగా చదివి, కొద్దింటిలో తప్ప పక్షపాతం కనిపించలేదని తీర్పు ఇచ్చారు. కంటితో చదివితే "అణతిరిశ"లో కూడా పక్షపాతమేమీ కనిపించదన్నది ఇక్కడ గుర్తుకు వస్తుంది.

ఐక్యూ పరీక్షలనే మానేయాలన్న మూడో వాదాన్ని క్లినిక్కుల్లో పనిచేసేవారు అంగీకరించరు. వారి మాట కొట్టిపారేయదగింది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో బౌద్ధిక వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం రెండూ ఉన్నాయి. రిజర్వేషన్ల వంటి అనేక ప్రయోజనాలకు వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. కొలతే వద్దంటే నిజంగా సాయం అవసరమైన పిల్లవాడి చేతికి ఆ కాగితమే రాదు. అయితే అదే చట్టం బౌద్ధిక వైకల్యాన్ని నిర్వచించేటప్పుడు ఆలోచనా శక్తితో పాటు రోజువారీ జీవిత నైపుణ్యాలను కూడా చూడమంటుంది. దీనికి వాడే వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి మాపనిని ఎడ్గర్ డోల్ 1935లో రూపొందించగా, మాలిన్ దాన్నీ నాగపూర్‌లో మన పిల్లలకు సవరించాడు. ఇందులో ప్రశ్నలు ఎక్కువగా తల్లిదండ్రులకే వేస్తారు: ఒంటరిగా కొట్టుకు వెళ్ళి సరుకు తెస్తాడా, తన పనులు తాను చేసుకుంటాడా అని. తల్లికి వచ్చిన భాషలో అడిగితే పిల్లవాడి బడిభాష ఇక్కడ పెద్దగా అడ్డు రాదు.

ఆ పిల్లవాడి రెండో కాగితం

కొన్ని నెలల తర్వాత ఆ పిల్లవాణ్ణి వేరే చోట మళ్ళీ పరీక్షించారు. కొత్త నివేదికలో వయసు కింద "పరీక్షలో వాడిన భాషలు: తెలుగు, ఒడియా" అని ఒక వరుస ఉంది, మొదటి కాగితంలో అది లేదు. మాటల భాగాలను, బొమ్మల భాగాలను విడివిడిగా చూపించి, మొత్తం మీద 80 అని, దాని పక్కన పరిధి కూడా రాశారు. రోజువారీ నైపుణ్యాలు వయసుకు తగినట్టే ఉన్నాయి. ఈ తొమ్మిది పాయింట్ల తేడా అంతా భాష వల్లే వచ్చిందని చెప్పలేం. ఒకసారి పరీక్ష రాసిన అలవాటు కొంత, పరిచయమైన యాసలో మాట్లాడేవారు ఎదురుగా కూర్చోవడం వల్ల తగ్గిన బెదురు కొంత, మనం ముందు చూసిన యాదృచ్ఛిక దోషం కొంత కలిసి ఉండవచ్చు. 71 చుట్టూ గీసిన పరిధి, 80 చుట్టూ గీసిన పరిధి ఒకదానిమీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

చదవడం మాత్రం అతనికి ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఒడియా అక్షరాలను వేలు పెట్టి ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటాడు, ఇంట్లో తాతగారు నేర్పిన తెలుగు అక్షరాల దగ్గరా అలాగే తడబడతాడు. ఇది ఒక్క భాషకే పరిమితమైన ఇబ్బందా, చదవడంలోనే ఉన్న నిర్దిష్ట లోపమా అన్నది ఏ ఐక్యూ అంకె చెప్పలేదు. దానికి రెండు లిపుల్లోనూ విడిగా పఠన పరీక్ష చేయవలసి ఉంది. ఆ పరీక్షకు వాళ్ళింకా వెళ్ళవలసి ఉంది.